రొయ్యలు చచ్చిన వారం

మోకాలి లోతు నీళ్ళలో వెనక్కి నడవడం వసీలాకు ముందుకు నడవడం కంటే బాగా వచ్చు. కాళ్ళతో నాచుగడ్డిని కదుపుతూ వెనక్కి నడిస్తే, గడ్డిలో దాక్కున్న రొయ్యలు ఉలిక్కిపడి పైకి లేస్తాయి. ఆ కాళ్ళ వెంటే వస్తున్న చేతివలలో పడతాయి. పది అడుగులకోసారి వల ఎత్తుతుంది. గడ్డిపోచల మధ్య వేలెడు పొడవు కూడా లేని బూడిదరంగు రొయ్యలు టపటపా కొట్టుకుంటాయి. వాటిని గుప్పిట పట్టకూడదు, చేతివేడికే సగం చస్తాయి. వల బోర్లించి నెమ్మదిగా బక్కెట్లోకి దులపాలి. ఇరవై రెండేళ్ళుగా ఆమె అలాగే దులుపుతోంది.

సరస్సుకు అవతల ఒడ్డున బిజెర్త్ పట్నం. అక్కడి కాలవ గట్టు మీద కుర్చీలు వేసుకుని గాలాలు వేసే మగవాళ్ళందరికీ ఈవలి ఒడ్డున మెంజిల్ ఊళ్ళో వసీలా ఇల్లు తెలుసు. పెద్ద చేప పడితే దాన్ని ఎత్తి పట్టుకుని ఫోటో దిగుతారు. ఆ చేప ఏ రొయ్యకు నోరు తెరిచిందో, ఆ రొయ్య కోసం ఎవరి పాదాలు నానాయో ఫోటోలో పడదు. వసీలా కూడా ఎప్పుడూ అడగలేదు. బతికున్న రొయ్యను చేతిలో పెట్టడం వరకే తన పని.

బతికి ఉంచడమే అసలు పని. తను అద్దెకుంటున్న లల్లా బేయా ఇంటి నడిమి వాకిట్లో, నారింజ చెట్టు కింద ఒక పాత స్నానాల తొట్టి ఉంది. ఎవరో పట్నంలో పారేస్తే వసీలా బండి మీద వేయించుకుని తెచ్చుకుంది. దానికో చిన్న గాలి మోటారు, నీళ్ళలో బుడగలు వదిలే రెండు సన్న గొట్టాలు, రొయ్యలు ఎగిరి బయట పడకుండా పైన తడి గోనె పట్టా. మేత వేయకూడదు, నీళ్ళు చెడతాయి. సబ్బు చేయి పెట్టకూడదు. చచ్చినవాటిని పూటపూటా ఏరేయాలి, లేకపోతే బతికినవి వాటినే పీక్కుతిని తొట్టంతా కంపు చేస్తాయి. రోజూ తెల్లవారి మూడోవంతు నీళ్ళు తీసేసి సరస్సు నీళ్ళు పోయాలి. అవి తెచ్చీ తేగానే పోస్తే బురద. రాత్రంతా నీలం డ్రమ్ములో నిలవుంచి, పైన తేరిన నీళ్ళే ముంచి పోస్తుంది.

ఆ మంగళవారం ఇంటికి వచ్చేసరికి డ్రమ్ము అడుగు పగిలి, నీళ్ళన్నీ వాకిట్లో పారి ఉన్నాయి.

"నా గుమ్మం దాకా వచ్చాయి నీ నీళ్ళు," అంది లల్లా బేయా మేడ మెట్ల మీద నుంచి. ఇంటి యజమానురాలు, అందరూ మర్యాదగా లల్లా అంటారు. అయిదు గదులు అద్దెకిచ్చి, మేడ మీద ఒక్కతే ఉంటుంది. రోజంతా మెట్ల మీద కూర్చుని వాకిటిని చూస్తుంది. "వసీలా, రంజాన్ మొదలవడానికి ఇంకా తొమ్మిది రోజులే ఉంది. ఉపవాసం ఉన్నవాళ్ళ ముక్కులకి నీ రొయ్యల కంపు తగిలిందంటే ఆ పాపం నాకెందుకు? ఇంకొక్కసారి కంపు కొట్టిందా, తొట్టి వీధిలో ఉంటుంది. తర్వాత నన్ననుకోకు."

"ఎప్పటికప్పుడు ఏరేస్తూనే ఉన్నా కదా లల్లా. కంపెక్కడిది?"

"అయితే నా ముక్కు అబద్ధమాడుతోందా?"

వసీలా వెనక్కి తిరిగింది. గదిలోకి వెళ్ళి, పీట వేసుకుని, అలమర మీద నుంచి తల్లి రాగి గంగాళం దింపింది. ఎటూ రంజాన్ ముందు కళాయికి ఇవ్వాల్సిందే. కళాయివాడు ఊళ్ళోకి వచ్చేదాకా ఈ నాలుగు రోజులూ డ్రమ్ముకు బదులు పనికొస్తుందనుకుంది. దుమ్ము తుడిచి వాకిట్లో పెట్టేసరికి అద్దెకున్న ఆడవాళ్ళందరి కళ్ళూ దాని మీదే. నలభై మందికి సరిపడా కుస్కుస్ రవ్వ ఒక్కసారే కలపగల గంగాళం అది. అలాంటిది ఆ ఇంట్లో ఇంకెవరికీ లేదు. ఆ సంగతి అందరికీ తెలియడం వసీలాకు బాగానే ఉంటుంది.

కుళాయి దగ్గర హనియా బట్టలు ఉతుకుతోంది. ఉత్తరం వైపు గదిలో ఉంటుంది, ఎల్‌కెఫ్ కొండల మనిషి. ఊళ్ళోవాళ్ళ దుప్పట్లూ, తెరలూ ఉతికి పెట్టి బతుకుతుంది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా పొక్కి ఉంటాయి. వచ్చి ఏడాదైనా కాలేదు గానీ, నోరు మాత్రం పదేళ్ళుగా ఉన్నట్టుంటుంది.

"ఇవి బతకాలని నువ్వు పడే పాట్లు చూస్తే నాకు నవ్వొస్తుందక్కా," అంది. "ఎల్లుండి గాలానికి గుచ్చేవేగా."

"చచ్చినదాన్ని గుచ్చితే చేప మూతి తిప్పుకుంటుందే. దానికున్న ఎంపిక మనకు లేదు."

హనియా నవ్వుతూ వచ్చి గంగాళంలోకి తొంగి చూసింది. నవ్వు ఆపింది. "అక్కా, దీనికి కళాయి పోయిందే. అడుగు చూడు, ఎర్రగా తేలింది. ఆ మూలన చిలుము. ఇందులోనా ఉప్పునీళ్ళు పోసేది?"

నలుగురు ఆడవాళ్ళున్న వాకిట్లో ఆ మాట అనకుండా ఉండాల్సింది. వసీలా చెవులు వేడెక్కాయి.

"మా అమ్మ పెళ్ళినాటిదిది. నీ వయసుకి రెండింతలుంది. మీ కొండల్లో రాగి ఎప్పుడు చూశావే నువ్వు, మేకల మెళ్ళో గంటలు తప్ప?"

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. మెట్ల మీద లల్లా బేయా కూడా నవ్వింది. కాస్త ఆలస్యంగా హనియా కూడా నవ్వింది.

"నేనెందుకన్నానంటే..."

"అంటూనే ఉంటావు. ముందు నీ సబ్బునీళ్ళు నా తొట్టి వైపు రాకుండా చూసుకో."

గంగాళం నిండా సరస్సు నీళ్ళు పోసి, పైన పళ్ళెం మూసింది వసీలా.

బుధవారం తెల్లవారి తేరిన నీళ్ళు ముంచి తొట్టిలో పోసింది. సాయంత్రానికి తొమ్మిది చచ్చాయి. తొమ్మిది పెద్ద లెక్కేం కాదు. ఏరి పిల్లికి వేసింది. గురువారం పొద్దున గోనె పట్టా ఎత్తేసరికి తొట్టిలో ఎగిరే రొయ్య ఒక్కటీ లేదు. కొన్ని పక్కకు ఒరిగి, కాళ్ళు మాత్రం ఆడిస్తున్నాయి. కొన్ని దిక్కు తెలియనట్టు ఒకేచోట గుండ్రంగా తిరుగుతున్నాయి. గాజులా ఉండాల్సిన ఒళ్ళు పాలలా తెల్లబారింది. గాలి చాలడం లేదనుకుని మోటారు విప్పి, గొట్టాలు ఊది, మళ్ళీ బిగించింది. బుడగలు బాగానే వస్తున్నాయి. ఎండ ఎక్కువైందనుకుని, నీళ్ళు గడ్డకట్టించిన సీసా తెచ్చి తొట్టిలో వదిలింది. నీళ్ళు చెడ్డాయనుకుని సగానికి సగం తోడేసి గంగాళంలో నీళ్ళు పోసింది. మధ్యాహ్నానికి ఇంకా చచ్చాయి. అంటే ఇంకా మార్చాలన్నమాట. మళ్ళీ సరస్సుకు వెళ్ళి, మళ్ళీ గంగాళం నింపి, రాత్రంతా నిలవుంచి, శుక్రవారం తెల్లవారి మిగిలిన సగమూ మార్చేసింది.

శుక్రవారం నమాజు నుంచి మగవాళ్ళు ఇళ్ళకు తిరిగి వచ్చేవేళకు తొట్టిలో ఒక్కటి కూడా కదలడం లేదు. ఎండ మండుతోంది. వసీలా గొంతుక్కూర్చుని రెండు చేతులా ఏరుతోంది. ఎంత ఏరినా అడుగున ఇంకా ఉన్నాయి. కంపు నారింజ చెట్టు దాటి, మెట్లెక్కి, మేడ మీదికి చేరింది.

లల్లా బేయా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దిగింది. ఆమె కిందికి దిగడమే అరుదు. ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు.

"నేను చెప్పానా లేదా? మంగళవారం చెప్పానా లేదా?"

"లల్లా, ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇలా కాలేదు..."

"నాకు రొయ్యల చరిత్ర వద్దు. ఈ సాయంత్రానికి తొట్టి బయట ఉండాలి."

వసీలా తొట్టి అంచు పట్టుకుంది. ఆ తొట్టి ఉండబట్టే తను వసీలా. అది లేకపోతే నలభై తొమ్మిదేళ్ళ వయసులో ఇంటింటి తలుపూ తట్టి, ఉతకడానికి దుప్పట్లున్నాయా అని అడగాలి. చేతులు మోచేతుల దాకా పొక్కించుకోవాలి. ఆ చేతులు తలుచుకోగానే ఆమె చూపు కుళాయి పక్కనున్న హనియా బక్కెట్టు మీద పడింది. దాని పక్కనే బట్టలు తెల్లబరిచే జావెల్ సీసా, మూత తీసి ఉంది.

జావెల్ పడితే నీళ్ళు ఘాటుగా వాసన వేస్తాయి. అది వసీలాకు తెలుసు. పొద్దుటి నుంచి మూడుసార్లు నీళ్ళు దోసిట పట్టి వాసన చూసింది. ఆ ఘాటు లేదు. లేదని తెలిసే నోరు తెరిచింది.

"నా రొయ్యలు వాటంతటవి చావలేదు లల్లా. ఎవరో చంపారు. అదిగో, ఆ సీసా చూడండి. మంగళవారం నేను మేకల మాట అన్నానని మనసులో పెట్టుకుంది."

హనియా పిండుతున్న దుప్పటి చేతిలోంచి జారింది. "నేనా? రొయ్యల్ని? నాకు వాటితో ఏం పనక్కా?"

"మరి ఎవరు పోశారు?"

"ఏం పోశారు? అసలేమన్నా పోశారని నీకెవరు చెప్పారు?" తడి చేతులతోనే తొట్టి దగ్గరికి వచ్చింది. ఎవరూ ఆపేలోపు, చచ్చిన రొయ్యలు తేలుతున్న ఆ నీళ్ళు దోసిట పట్టి నోట్లో పోసుకుంది. ఆడవాళ్ళు ఛీ అన్నారు. హనియా పుక్కిలించి ఉమ్మింది. "ఇది జావెల్ కాదు. రోజూ నా చేతుల్ని తినే జావెల్ రుచి నాకు తెలియదా? ఉప్పు ఉంది, కంపు ఉంది, ఇంకా నాలుక మీద దినార్ బిళ్ళ పెట్టుకున్నట్టుంది. కావాలంటే నువ్వు చూడు లల్లా!"

"నన్ను ఆ రోత తాగమంటావా?" అంది లల్లా బేయా. కాసేపు వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది. సంతలో రెండు పుచ్చకాయలు చూసినట్టు చూసింది. "ఇంట్లో ఒకరి పొట్ట మీద ఒకరు కొట్టుకునేవాళ్ళు నాకొద్దు. తొట్టన్నా పోవాలి, ఈ పని చేసినవాళ్ళన్నా పోవాలి. వసీలా, ఇదే చేసిందని గట్టిగా చెబుతావా? నలుగురిలో?"

దినార్ బిళ్ళ మాట వసీలా చెవిలోనే ఉంది. ఎందుకో గంగాళం వైపు చూడాలనిపించింది. చూడలేదు.

"చెబుతాను," అంది.

"రేపు పొద్దుటికి గది ఖాళీ చెయ్యి," అని హనియాకు చెప్పి లల్లా బేయా మెట్లెక్కింది.

శనివారం హనియా వెళ్ళిపోయింది. ఒక పరుపు, రెండు బక్కెట్లు, ఒక గ్యాసు పొయ్యి. ఊళ్ళోవాళ్ళ దుప్పట్లు ఇంకా ఆరలేదు. తడిగానే మూట కట్టి నెత్తిన పెట్టుకుంది. మూటలోంచి నీళ్ళు మెడ మీదుగా వీపు మీదికి కారుతున్నాయి. వెళ్తూ వెళ్తూ ఎవరినీ తిట్టలేదు. ఆ నోటికి అది కష్టమైన పనే. వసీలా గదిలోనే కూర్చుని, వాకిలి తలుపు మూసుకున్న చప్పుడు వినిపించాక బయటికొచ్చింది.

కాసేపటికి లమీన్ మాస్టారు వచ్చాడు. బడిలో లెక్కలు చెబుతాడు. పదేళ్ళుగా శనివారం శనివారం అరవై రొయ్యలు తీసుకెళ్తాడు. ఖాళీ తొట్టి చూసి, జరిగింది విని, తొట్టి మీద వంగాడు.

"జావెల్ అంటావా? ఈ గోనె పట్టా అంచు రోజంతా నీళ్ళలోనే ఉంటుంది కదమ్మా. జావెల్ అయితే దీని రంగు వెలిసిపోయేది. చూడు, ఎలా ఉన్నది అలాగే ఉంది."

"మీకు రొయ్యలు కావాలా మాస్టారూ, విచారణ కావాలా?"

"రొయ్యలే," అన్నాడు మాస్టారు. "ఎప్పటికొస్తాయి?"

"బుధవారానికి."

ఆయన తలూపి, ఖాళీ డబ్బా ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. ఇక ఆ విషయం ఎత్తలేదు. మంచివాడు, మంచివాళ్ళు అంతవరకే వస్తారు.

ఆదివారం కళాయివాడు మసీదు గోడ పక్కన తిత్తి బిగించాడు. ఊళ్ళో ఆడవాళ్ళంతా రంజాన్ ముందు కళాయికి తెచ్చిన గిన్నెలు అతని చుట్టూ వరసలు తీరాయి. రజబ్ అని ముసలాయన. కళ్ళు సరిగా కనబడవు గానీ వేళ్ళతో చూస్తాడు. వసీలా గంగాళం తిరగేసి, లోపల అరచేయి పెట్టి గుండ్రంగా తిప్పాడు. చేయి బయటికి తీస్తే వేళ్ళ కొసలు పచ్చగా ఉన్నాయి.

"దీంట్లో ఏం పోశావమ్మా?"

"సరస్సు నీళ్ళు."

"ఎన్ని రోజులు?"

"మూడు... నాలుగు."

రజబ్ నాలుక చప్పరించాడు. గంగాళంలో గుప్పెడు ఇసుక, తడిగుడ్డ వేసి, పాదాలతో అందులోకి ఎక్కి, గోడ పట్టుకుని నడుము ఇటూ అటూ తిప్పుతూ తోమాడు. పచ్చగా బురద ఊరింది. దాన్ని నేల మీద ఒంపి చూపించాడు. "చూడు. ఉప్పునీళ్ళు ఒట్టి రాగిని తినేస్తాయి. ఆ నీళ్ళు మనిషి తాగితే కడుపులో ఉన్నదంతా కక్కుతాడు. పురుగూ పుట్రా అయితే ఒక్కటి మిగలదు. ఆ నీళ్ళతో వంటేమీ చెయ్యలేదు కదా?"

"లేదు."

"అదృష్టవంతురాలివి. ఎవరికీ ఏం కాలేదు."

అతను గంగాళాన్ని నిప్పుల మీద కాల్చి, నవసాగరం చల్లాడు. తెల్లటి పొగ లేచింది. తగరం కడ్డీని లోపల రాసి, దూదితో ఒక్క చుట్టు తిప్పేసరికి ఎర్రటి రాగి మీద వెండిలాంటి మెరుపు పాకింది. వసీలా ఆ పొగలోనే నిలబడి ఉంది. కళ్ళు మండాయి. తుడుచుకుంది, కానీ అది పొగ వల్ల కాదని ఆమెకు తెలుసు. మంగళవారమే చెప్పింది ఆ పిల్ల. వాకిట్లో, అందరి ముందూ, వేలు పెట్టి చూపించి మరీ చెప్పింది.

దారంతా ఒక్క మాట కూడబలుక్కుంది. 'లల్లా, అది జావెల్ కాదు, నా గంగాళం. తప్పు నాది. హనియాను పిలిపించండి.' నాలుగు ముక్కలు. గంగాళం వాకిట్లో దించి, వాటిని పోగొట్టుకోకుండా నోట్లోనే పట్టుకుని మెట్లెక్కింది.

లల్లా బేయా రంజాన్ సూపు కోసం బార్లీ ఏరుతోంది. పళ్ళెంలోంచి తల ఎత్తకుండానే అంది: "గంగాళం మెరుస్తోందే. బాగా వేశాడు."

"లల్లా, ఒక మాట చెప్పాలి. ఆ జావెల్..."

"జావెల్ కాదు. నాకు తెలుసు." ఒక రాయి ఏరి కిటికీలోంచి పడేసింది. "యాభై ఏళ్ళుగా ఇల్లు కడుగుతున్నాను. జావెల్ వాసన నాకు తెలియదా?"

వసీలా గుమ్మం పట్టుకుంది. "మరి... ఎందుకు పంపించారు?"

"రెండు నెలల నుంచి గది ఖాళీ చెయ్యమని మర్యాదగా చెబుతున్నా. కుళాయి నీళ్ళన్నీ దానికే పోతున్నాయి. ఎక్కడికి పోను లల్లా అని ఏడుస్తుంది. ఏడ్చేదాన్ని వెళ్ళగొడితే ఊరంతా నన్నంటుంది. నువ్వు నలుగురిలో ఒక్క మాట అన్నావు. పని అయిపోయింది." అప్పుడు తల ఎత్తింది. ముఖంలో కోపం లేదు, సిగ్గు అసలే లేదు. "ఆ గది బడి తెరిచేదాకా నాకక్కర్లేదు, అప్పుడు మా అక్క మనవడొస్తాడు. ఉత్తరం గది, ఎండ రాదు. నీ తొట్టి అందులో పెట్టుకో. నీ రొయ్యలు చల్లగా ఉంటాయి, నా ముక్కు చల్లగా ఉంటుంది. ఏం? ఇంకేమన్నా చెప్పాలా?"

నోట్లో ఉన్న నాలుగు ముక్కలూ ఇంకా అక్కడే ఉన్నాయి. చెప్పడానికి ఇప్పుడు అడ్డేమీ లేదు. వినేవాళ్ళకు అక్కర్లేదు, అంతే. వసీలా కిటికీలోంచి చూసింది. కింద వాకిట్లో ఎండ నారింజ చెట్టును దాటి, ఖాళీ తొట్టి మీద సూటిగా పడుతోంది.

"దాని తాళం చెవి ఎక్కడుంది లల్లా?" అని అడిగింది.

రంజాన్ ముందురోజు సాయంత్రానికి కొత్త డ్రమ్ములో నీళ్ళు తేరాయి. ఉత్తరం గదిలో తొట్టి కుదురుగా సర్దుకుంది. మూడు వందల రొయ్యల్లో నాలుగే చచ్చాయి. లమీన్ మాస్టారు వచ్చి అరవై తీసుకుని, ఈ గది బాగుందమ్మా, ముందే పెట్టుకోవాల్సింది అని మెచ్చుకుని వెళ్ళాడు. గోడకు ఈ చివర నుంచి ఆ చివరకు హనియా కట్టుకున్న తాడు అలాగే ఉంది. వసీలా దాని మీద చేతివల ఆరేసింది.

తలుపు దగ్గర నీడ పడింది. హనియా లోపలికి రాలేదు, గడప అవతలే నిలబడింది.

"తాడు మర్చిపోయానక్కా. దాని కోసం వచ్చా."

వసీలా గబగబా వల తీసి, ముడులు విప్పబోయింది. తడికి బిగిసిపోయి ఓ పట్టాన రాలేదు.

"ఎక్కడుంటున్నావే?" అంది ముడి వైపే చూస్తూ.

"స్టేషను వెనక. ఇద్దరం ఒక గదిలో. నీళ్ళు దూరం." హనియా తొట్టి వైపు చూసింది. "బతికాయా?"

"బతికాయి."

"బతుకుతాయి. ఈ గది చలికాలం నా చేతులు పగలగొట్టేది. వాటికి మంచిదే."

ముడి వచ్చింది. వసీలా తాడు తీసి ఇస్తుంటే, హనియా చూపు మూలనున్న గంగాళం మీద ఆగింది. రంజాన్ కోసం తోమి పెట్టిన గంగాళం, ఆ చీకటి గదిలో కూడా తెల్లగా మెరుస్తోంది. హనియా దాన్ని కాస్త ఎక్కువసేపే చూసింది. తర్వాత తొట్టిని చూసింది. తర్వాత డ్రమ్మును చూసింది. ఇప్పుడు అంటుంది, అనుకుంది వసీలా. మేకల గంటల మాట ఎత్తుతుంది, తిడుతుంది, శపిస్తుంది. తిడితే తనూ ఏదో ఒకటి అనొచ్చు. తిట్టు కోసం ఎదురు చూసింది.

"కళాయి వేయించావన్నమాట," అంది హనియా. "మంచి పని చేశావక్కా."

తాడును అరచేతికీ మోచేతికీ మధ్య చుట్టలు చుట్టుకుంటూ వాకిలి దాటి వెళ్ళిపోయింది.

మేడ మీద నుంచి లల్లా బేయా కేక వేసింది. "ఎవరే అది?"

వసీలా గోనె పట్టా తీసుకుని నీళ్ళలో ముంచి పిండింది.

"ఎవరూ కాదు లల్లా," అంది, పట్టాను తొట్టి మీద కప్పుతూ. దాని కింద రొయ్యలు ఎగిరి కొట్టుకుంటున్న చప్పుడు గదంతా వినిపిస్తోంది.